సాకు నిజమే కావచ్చు

డీఎస్సీకి చదువుతున్న ఎవరినైనా ఆపి, "పరీక్ష తప్పిన పిల్లాడు పేపరు కష్టంగా ఇచ్చారన్నాడు, ఇది ఏ రక్షక తంత్రం?" అని అడగండి. ప్రశ్న పూర్తయ్యేలోపే "హేతుకీకరణం" అని జవాబు వస్తుంది. నాన్న తిట్టాడని తమ్ముణ్ణి కొడితే విస్థాపనం, తనలోని లోపాన్ని ఎదుటివాడికి అంటగడితే ప్రక్షేపణం, కళ్లెదుట ఉన్నదాన్ని లేదనుకుంటే నిరాకరణ. కె.కోటపాడు లాంటి మండల కేంద్రంలోనూ, పెడగాజీ బిట్లు తిరగేసే ఇంట్లో అచిత్తు, అహం, అధ్యహం అనే మాటలు కొత్తవేం కాదు. ఇప్పుడు ఆ అభ్యర్థికే ఉద్యోగం రాలేదనుకోండి. "నార్మలైజేషన్‌లో మార్కులు పోయాయి" అంటాడు. ఉదయం బిట్టుకు సరైన జవాబు పెట్టినవాడికి సాయంత్రం ఈ మాట దగ్గర అనుమానం రాదు. ఎందుకు రాదంటే, మార్కులు నిజంగానే పోయి ఉండవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. సాకు అంటే అబద్ధం అని మనం అనుకుంటాం. అబద్ధం చెప్పడం లేదు కాబట్టి సాకు చెప్పడం లేదని నిశ్చింతగా ఉంటాం.

ఈ తెలివి మనకు పుస్తకాలతో వచ్చింది కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లకు హేతుకీకరణం తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం గురించి చెప్పినవాళ్లకు విస్థాపనం తెలుసు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందన్నవాళ్లకు నిరాకరణ తెలుసు. అయితే ఈ సామెతలను ఎవరి మీద వాడతామో గమనించండి. తోడికోడలి మీద, పక్కింటాయన మీద, ఆఫీసులో పైవాడి మీద. "నేనిప్పుడు ఆడలేక మద్దెల ఓడు అంటున్నాను" అని తన గురించి తాను అనుకున్న మనిషి అరుదు. ఎదుటివాడి సాకు మనకు ఇట్టే కనిపిస్తుంది. మన సాకు మాత్రం మనకు కారణంలాగే కనిపిస్తుంది. కాబట్టి మన సాకును మనం పట్టుకోవాలంటే "నేను చెబుతున్నది నిజమా?" అన్న ప్రశ్న చాలదు. దానికి బదులు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: "ఈ అడ్డంకి రేపు తొలగిపోతే నేను ఆ పని చేస్తానా?" ఈ అధ్యాయమంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే.

ఫ్రాయిడ్ నుంచి తీసుకోవలసింది ఎంత?

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1894లో రాసిన ఒక వ్యాసంలో, భరించలేని ఆలోచన వచ్చినప్పుడు మనసు దాన్ని ఎదుర్కోకుండా పక్కకు నెట్టేస్తుందని, ఆ నెట్టడమే ఒక రకం ఆత్మరక్షణ అని ప్రతిపాదించాడు. 1923 నాటికి మనసును మూడు భాగాలుగా ఊహించాడు: కోరికల గూడు అచిత్తు, తప్పొప్పులు లెక్కపెట్టే అధ్యహం, ఈ రెంటికీ బయటి ప్రపంచానికీ మధ్య నలిగే అహం. 1926లో ఆందోళనకు కొత్త అర్థం చెప్పాడు. లోపలి ప్రమాదం దగ్గరకొస్తోందని అహానికి అందే హెచ్చరిక అది అన్నాడు. హెచ్చరిక అందగానే, మనకు తెలియకుండానే, మనసు ఏదో ఒక రక్షణ చేపడుతుంది. ఆయన కూతురు ఆనా ఫ్రాయిడ్ 1936లో ఈ రక్షణలన్నిటినీ ఒకచోట చేర్చి పుస్తకం రాసింది. నేడు బీఎడ్ పాఠంలో కనిపించే జాబితాకు ఆ పుస్తకమే పెద్ద ఆధారం. మన పనికి ఇందులోంచి రెండు మాటలు చాలు. మన ప్రవర్తనకు మూలమైనదంతా మనకు కనబడదు. కనబడని దానిలో కొంత మనం చూడలేక కనబడకుండా చేసుకున్నది. మిగిలిన సిద్ధాంతం, అంటే బాల్యంలోని లైంగికత, ఈడిపస్ ఘర్షణ, కలల చిహ్నాలు, ఒప్పుకోకపోయినా ఈ రెండు మాటలు నిలబడతాయి. ఎందుకంటే వీటికి ఫ్రాయిడ్ శిష్యులు కానివాళ్లు ప్రయోగాలతో సాక్ష్యం తెచ్చారు.

కారణం ముందా, పని ముందా?

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు నిస్బెట్, విల్సన్ 1977లో ప్రచురించిన వ్యాసంలో ఒక దుకాణం పరీక్ష ఉంది. బల్ల మీద నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి, వాటిలో ఏది నాణ్యమైనదో చెప్పమని కొనుగోలుదారులను అడిగారు. నాలుగూ అచ్చంగా ఒకే రకం. అయినా ఎడమ చివరి జత కంటే కుడి చివరి జతను దాదాపు నాలుగు రెట్ల మంది మెచ్చుకున్నారు. ఎందుకని అడిగితే అల్లిక బాగుంది, పనితనం బాగుంది అన్నారు. వరసలో దాని చోటు వల్ల అలా అనిపించిందేమో అని అడిగితే దాదాపు అందరూ కాదన్నారు. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. అల్లిక బాగుండటం నిజమే. కాకపోతే వాళ్లు దాన్ని ఎంచుకున్నది ఆ కారణంతో కాదు. అదే దశకంలో గజానిగా, లెడూ ఇంకా విచిత్రమైనది చూశారు. మూర్ఛవ్యాధి చికిత్సలో మెదడు రెండు అర్ధభాగాల మధ్య వంతెన కోయించుకున్న ఒక రోగికి, మాటలను నడిపే ఎడమ భాగానికి కోడి కాలు బొమ్మనూ, కుడి భాగానికి మంచు కప్పిన దృశ్యాన్నీ విడివిడిగా చూపించారు. ఎదుట ఉన్న బొమ్మల్లోంచి అతని కుడిచెయ్యి కోడిని, ఎడమచెయ్యి పారను ఎంచుకున్నాయి. పార ఎందుకని అడిగితే అతను తడుముకోలేదు. కోళ్లగూడు శుభ్రం చెయ్యడానికి పార కావాలి కదా అన్నాడు. మంచు సంగతి మాటలాడే భాగానికి తెలియనే తెలియదు. తెలియదని చెప్పడానికి బదులు అప్పటికప్పుడు ఒక కారణం అల్లింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పని అయ్యాక మనసు కారణం అల్లుతుందని ఈ రెండు పరిశోధనలూ చూపిస్తాయి కానీ, భయం వల్ల అల్లుతుందని చూపించవు. ఆ రెండో మెట్టుకు 1992లో డిటో, లోపెజ్ చేసిన ప్రయోగం పనికొస్తుంది. ఒక ఎంజైమ్ లోపాన్ని కనిపెట్టే పరీక్ష అని చెప్పి విద్యార్థులకు ఒక కాగితం ముక్క ఇచ్చి లాలాజలంతో తడపమన్నారు. అది మామూలు కాగితం, రంగు మారేది కాదు. రంగు మారకపోతే ఆరోగ్యమని కొందరికీ, రంగు మారకపోతే లోపమని మరికొందరికీ చెప్పారు. మొదటివాళ్లు తొందరగా తృప్తిపడి ముగించారు. రెండోవాళ్లు ఎక్కువసేపు ఎదురుచూశారు, మళ్లీ మళ్లీ తడిపి చూశారు. చేదు ఫలితానికి మనం అడిగే రుజువులు తీపి ఫలితానికి అడగం. అడిగే ప్రతి ప్రశ్నా న్యాయమైనదే. కాకపోతే ఒక వైపే అడుగుతాం.

బెల్లం దగ్గర ఆగిన సంగతి

దీన్నే మన దగ్గరి నుంచి చూద్దాం. అనకాపల్లిది దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. చోడవరం, కె.కోటపాడు చుట్టుపక్కల చెరకు తెలియని ఇల్లు లేదు. అలాంటి ఒక ఇంట్లో యాభై దాటిన రైతును ఊహించుకోండి. షుగర్ ఉందని రిపోర్టు వచ్చింది. రిపోర్టు కవరు పంచాంగం కింద ఉంది, రెండోసారి తెరవలేదు. కూతురు టీ గ్లాసు వైపు చూస్తే, "పంచదార మానేశాను కదే అమ్మా, బెల్లానికేటవుద్ది?" అంటాడు. పంచదార మానేసింది నిజం. బెల్లంలో ఖనిజాలు కొద్దిగా ఉన్న మాటా నిజం. ఆమె, బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే, రక్తంలో చక్కెరను పెంచడంలో అది పంచదారకు పెద్దగా తీసిపోదు అని డాక్టరు చెప్పిన మాట గుర్తు చేస్తుంది. అప్పుడాయన ఆ వాదన వదిలేసి, "మీ తాత రోజూ ఉండ బెల్లం తిని ఎనభై దాటాడు" అంటాడు. అదీ నిజమే. తాత ఉదయం నుంచి సాయంత్రం దాకా పొలంలో ఒళ్లు వంచి పనిచేశాడని ఆమె అంటే, ఆ ల్యాబ్ వాళ్ల లెక్కలే తేడా అన్న మాట వస్తుంది.

ఈ సంభాషణలో కావాలని చెప్పిన అబద్ధం ఒక్కటీ లేదు. అయినా మూడు మాటలూ ఒక్క పనే చేస్తున్నాయి. కవరు తెరవకుండా చూస్తున్నాయి. రక్షణకు అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఇదే: ఒక కారణం పోతే ఇంకో కారణం వస్తుంది, పని మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నిజమైన కారణం అలా ప్రవర్తించదు. బస్సు లేక ఆసుపత్రికి వెళ్లనివాడు బస్సు దొరికితే వెళతాడు. వెళ్లడానికి భయపడేవాడికి బస్సు దొరికిన రోజున ఆకుమడి గుర్తొస్తుంది. ఇంకో రెండు గుర్తులు దీనికి తోడు వస్తాయి. ప్రశ్న ముగియకముందే జవాబు తయారుగా ఉండటం ఒకటి. మాటకు తగని కోపం రెండోది. "టీలో ఏం వేసుకున్నావు?" అన్నదానికి గ్లాసు విసిరేంత కోపం వచ్చిందంటే ఆ కోపం టీ గురించి కాదు.

ఒక జిల్లాకంతటికీ కారణాలున్న కాలం

ఇది ఒక్కొక్కరి బలహీనత మాత్రమే అనుకుంటే పొరపాటు. ఊరంతా కలిసి ఒకే రక్షణను పట్టుకుని ఉండగలదని చూపిన రచయిత ఈ ప్రాంతంలోనే పుట్టారు. గురజాడ అప్పారావు 1862లో ఎస్.రాయవరంలో జన్మించారు. కె.కోటపాడు ఉన్న అనకాపల్లి జిల్లాలోనే ఇప్పుడా ఊరూ ఉంది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకం మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో ముందుమాట రాశారు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాల, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చే పెళ్లిళ్ల, జాబితా తయారు చేయించారని, మూడేళ్లలో అవి 1034 అని అందులో ఉంది. పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్లవాళ్లు, ముగ్గురు ఏడాది పిల్లలు. ఆ ఏడాది పిల్లల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. ఈ పెళ్లిళ్లు చేసిన తండ్రులందరూ కసాయివాళ్లు అనుకోవడం మనకు తేలిక. తేలిక కాబట్టే దాన్ని అనుమానించాలి. వాళ్లలో చాలామంది పిల్లల్ని ప్రేమించినవాళ్లే అయి ఉంటారు. ఆచారం ఉంది, అప్పు ఉంది, అవతలివాళ్లకు ఆస్తి ఉంది, ఊళ్లో అందరూ చేస్తున్నారు. ప్రతి కారణమూ నిజమే. అన్నీ కలిసి ఏడాది పిల్ల ముఖం వైపు చూడకుండా చేశాయి.

గురజాడ నాటకంలో ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూస్తే అబద్ధానికీ రక్షణకూ ఉన్న తేడా తెలుస్తుంది. గిరీశం అబద్ధాలకోరు. వితంతు వివాహాల గురించి ఉపన్యాసాలిస్తూ తన పబ్బం గడుపుకుంటాడు. ఎవరి దగ్గర ఏ మాట చెల్లుతుందో లెక్క చూసుకుని మరీ చెబుతాడు. తాను ఆడుతున్నది నాటకమని అతనికి తెలుసు. అగ్నిహోత్రావధానులు అలా కాదు. పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివాడికిచ్చి చేసి, ఆమె చిన్నతనంలోనే విధవరాలై ఇంట్లో తిరుగుతుంటే, రెండో కూతురు సుబ్బిని పద్దెనిమిది వందలకు ఇంకో ముసలివాడు లుబ్ధావధానులకివ్వడానికి సిద్ధపడతాడు. కళ్లెదుట సాక్ష్యం అన్నం వడ్డిస్తున్నా అతనికి కనిపించదు. భార్య వద్దన్నా, బావమరిది వద్దన్నా మండిపడతాడు. గిరీశానికి కోపం అవసరం లేదు, మాట మార్చుకుంటే చాలు. అవధానులు మాత్రం లోపల దేన్నో కాపాడుకోవాలి. బుచ్చమ్మ విషయంలో తాను చేసింది తప్పని ఒప్పుకుంటే తప్ప సుబ్బి పెళ్లి ఆపలేడు. అది ఒప్పుకోవడం కంటే రెండోసారి అదే చెయ్యడం అతనికి సులువు. చాలామంది జీవితాల్లో ఒకే తప్పు మళ్లీ మళ్లీ జరగడానికి మూలం ఇదే. రెండో తప్పు మొదటి తప్పును తప్పు కాకుండా చేస్తుంది.

మూడు అభ్యంతరాలు

మొదటిది తాత్వికుడు కార్ల్ పాపర్ లేవనెత్తినది. అవునంటే అవునే, కాదంటే నువ్వు దాచుకుంటున్నావు కాబట్టి మళ్లీ అవునే అనే సిద్ధాంతం ఎన్నటికీ ఓడిపోదు. ఓడిపోవడానికి వీల్లేనిది శాస్త్రం కాదు. ఈ విమర్శ న్యాయమైనది, దాన్ని తప్పించుకోకూడదు. భర్తతో "నువ్వు నిరాకరణలో ఉన్నావు" అని భార్య అంటే ఆయన గెలిచే దారి లేదు. అందుకే రక్షక తంత్రాల పేర్లు ఎదుటివాళ్ల మీద ప్రయోగించడం మానుకోవాలి. కానీ మనం తీసుకున్న ప్రశ్న ఓడిపోగలిగిన ప్రశ్న. అడ్డంకి తొలగితే పని చేస్తానని ముందే రాసుకున్నాం, అడ్డంకి తొలగింది, పని జరిగింది. అంటే అది సాకు అన్న అనుమానం తప్పని తేలినట్టే. ఫ్రాయిడ్ జాబితాను కూడా ఇలాగే పరీక్షకు పెట్టారు. 1998లో బామైస్టర్, మరో ఇద్దరు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను సమీక్షించారు. నిరాకరణకూ, లోపలి భావానికి సరిగ్గా ఎదురు ప్రవర్తించే ప్రతిచర్యా నిర్మితికీ గట్టి ఆధారాలు కనిపించాయి. ప్రక్షేపణం ఉంది కానీ ఫ్రాయిడ్ చెప్పిన తీరులో కాదు. విస్థాపనానికి ఆధారం బలహీనం. లోపలి కోరికను మెచ్చదగిన పనిగా మలుచుకునే ఉదాత్తీకరణానికి ఆధారం దొరకలేదు. మార్కుల కోసం జాబితా మొత్తం చదవండి, బతుకు కోసం నిలబడినవాటినే ఉంచుకోండి.

రెండో అభ్యంతరం: ఈ రక్షణలు లేకపోతే మనిషి బతకగలడా? బతకలేడు. ఇంట్లో చావు జరిగిన రోజుల్లో, మనిషి ఇంకా పక్కగదిలో ఉన్నట్టు అనిపించడం మనసు చేసే మేలే. దాన్ని ఎవరూ తొందరపడి లాగెయ్యకూడదు. హార్వర్డ్‌లో 1938లో మొదలై, 268 మంది విద్యార్థులను దశాబ్దాల పాటు వెంబడించిన అధ్యయనం ఆధారంగా జార్జ్ వైలంట్ 1977లో ఒక పుస్తకం రాశాడు. రక్షణలు లేనివాళ్లెవరూ అందులో లేరు. బాగా బతికినవాళ్లు వేరే రకం రక్షణలు వాడారు. హాస్యం, ఎదుటివాళ్లకు సాయపడటం, రాబోయే కష్టాన్ని ముందే ఊహించి సిద్ధపడటం, ఇప్పుడు కాదు సాయంత్రం ఆలోచిద్దామని తెలిసి వాయిదా వెయ్యడం. వాళ్లందరూ హార్వర్డ్‌లో చదివిన మగవాళ్లే కాబట్టి ఆ ఫలితాన్ని అందరికీ అంటగట్టలేం. కానీ ఒక కొలమానం మాత్రం దొరుకుతుంది. రక్షణ ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. దాని ఖర్చు ఎంత, ఎవరు కడుతున్నారు అన్నది ప్రశ్న. దుఃఖం కొన్ని రోజులు వాయిదా పడితే ఖర్చు తక్కువ. రిపోర్టు కొన్నేళ్లు వాయిదా పడితే ఆ ఖర్చు కాలి వేళ్లతో కట్టవలసి రావచ్చు. అవధానులి రక్షణ ఖర్చును కూతుళ్లు కట్టారు.

మూడోది మన నేల మీది అభ్యంతరం, అన్నిటికంటే బరువైనది. ఫ్రాయిడ్ చూసిన వియన్నా నగరంలోని కలిగినవాళ్ల సంగతులు మన పల్లెకు ఎలా అతుకుతాయి? కూలికి వెళితేనే పొయ్యి వెలిగే మనిషి "సెలవు దొరకదు" అంటే దాన్ని రక్షక తంత్రం అనడం దుర్మార్గం కాదా? అవును, దుర్మార్గమే. ఫ్రాయిడ్‌ను మక్కీకి మక్కీ దించుకోనక్కర్లేదని మనదేశంలో తొలినాళ్లలోనే చూపినవాళ్లున్నారు. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, భరించలేనిదాన్ని మనసు పక్కకు నెట్టేసే దమనం మీద రాసిన తన సిద్ధాంత గ్రంథాన్ని ఫ్రాయిడ్‌కు పంపి, ఏళ్ల తరబడి ఆయనతో ఉత్తరాలు నడిపాడు. ఐరోపా రోగుల్లో ప్రముఖంగా కనబడే కొన్ని భయాలు తన భారతీయ రోగుల్లో అంతగా కనబడటం లేదని ఆయనకే రాశాడు. మన దగ్గర "నలుగురూ ఏమనుకుంటారు" అన్న భయం పెద్దది. చాలా రక్షణలు ఒక్క మనిషివి కావు, ఇంటిల్లిపాదివీను. ఇక పేదరికం సంగతికొస్తే, మన ప్రశ్న బీదవాణ్ణి నిందించదు, కాపాడుతుంది. సెలవు దొరికితే వెళతాడా? వెళతాడు. అయితే అతని మాట సాకు కాదు, మార్చవలసింది అతని మనసు కాదు, పని పరిస్థితులు. అడ్డంకి నిజమైనదో కాదో తేల్చే ప్రశ్న లేకపోతేనే మనం అందరి ఇబ్బందులనూ బద్ధకం కింద కొట్టిపారేస్తాం.

ఆచరణ

ఎప్పటి నుంచో వాయిదా పడుతున్న ఒక్క పనిని తీసుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్లడం, అన్నదమ్ములతో ఆస్తి మాట తేల్చుకోవడం, మూడోసారి పరీక్ష రాయడమో మానడమో తేల్చుకోవడం, ఏదైనా సరే. ఎందుకు ఆగిందో ఒక్క వాక్యంలో, తేదీ వేసి, కాగితం మీద రాయండి. తలలో ఉన్న కారణం రూపం మార్చుకుంటుంది, కాగితం మీది కారణం మార్చుకోలేదు. దాని కింద "ఇది తీరితే ఫలానా రోజులోగా ఫలానా పని చేస్తాను" అని రాయండి. తరువాత ఆ అడ్డంకిని తీర్చే చిన్న ప్రయత్నం నిజంగా చెయ్యండి. సెలవు అడగండి, డబ్బు పక్కన పెట్టండి, నార్మలైజేషన్ కలిపీ కలపకుండానూ మార్కులు లెక్క చూసుకోండి. పని జరిగితే మీ కారణం నిజమైనదే, ఆ కాగితం చించెయ్యండి. జరగకుండా కొత్త కారణం వచ్చిందంటే, దాన్ని పాతదాని కిందే తేదీతో రాయండి. మూడు కారణాలు వరసగా చేరాయంటే మీకు కావలసిన సమాచారం చేతికొచ్చినట్టే.

అప్పుడు ప్రశ్న మార్చాలి. "ఈ పని చేస్తే నాకేం తెలిసిపోతుందని భయపడుతున్నాను?" అని అడగండి. దీనికి జవాబు మాటల్లో కంటే రాతలో తొందరగా దొరుకుతుంది. జేమ్స్ పెన్నిబేకర్ 1986లో ప్రచురించిన పరిశోధనలో, మనసును కలచిన అనుభవం గురించి విద్యార్థులు రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు రాశారు. జరిగినదాన్నీ, అప్పటి భావాలనూ కలిపి రాసినవాళ్లు తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ఎవరికీ చూపించనక్కర్లేదు, భాష బాగుండనక్కర్లేదు. ఇంట్లో ఒక్కరికి మాత్రం మిమ్మల్ని ప్రశ్నించే హక్కు ఇవ్వండి. వాళ్లు అడిగినప్పుడు మాటకు మించిన కోపం వస్తే జవాబు చెప్పకుండా ఆ కోపాన్ని కూడా కాగితం మీద తేదీతో వెయ్యండి. ఎదుటివాళ్ల సాకుల్ని పట్టుకోవాలన్న సరదా కలిగితే, మీ కాగితం పూర్తయ్యాక చూసుకోవచ్చు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. రాస్తుంటే ఊపిరాడనంత బాధ వచ్చినా, పాత దెబ్బ ఏదో కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టున్నా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ఒంటరిగా కొనసాగించవద్దు. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళితే ఊళ్లో ఏమనుకుంటారో అన్న మాట అప్పుడు మనసులోకి వస్తే, దాన్నీ ఇదే ప్రశ్నతో పరీక్షించండి: ఎవరికీ తెలియదని హామీ ఉంటే వెళతానా? వెళతానంటే, ఎవరికీ తెలియకుండా వెళ్లే దారి చూసుకోండి. అప్పటికీ కాలు కదలకపోతే ఇంకో కారణం వెతకవద్దు. మీరు దేనికి భయపడుతున్నారో దాని పేరు రాయండి. పేరు రాసిన రోజునే పని జరగకపోవచ్చు. కానీ ఆ రోజు నుంచి మీరు వాదించుకోవలసింది బస్సుతోనో, ల్యాబ్‌తోనో, మార్కుల లెక్కతోనో కాదని మీకు తెలుస్తుంది.